మా ‘గ’ యాంటెన్నాకి పేటెంట్ వస్తుందా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మేం నలుగురం కలిసి ఒక ప్యాచ్ యాంటెన్నా చేశాం. దాని రాగి పలక మధ్యలో ఒక స్లాట్ కోశాం. ఆ స్లాట్ ఆకారం తెలుగు అక్షరం ‘గ’. సరదాకి మొదలుపెట్టిందే. యాంటెన్నా పేపర్లు చదివినవాళ్లకి తెలుసు, ఎక్కడ చూసినా యూ స్లాట్, ఈ ఆకారం ప్యాచ్, హెచ్ స్లాట్ అని ఇంగ్లీషు అక్షరాలే. మన అక్షరం ఒకటి పెడితే ఏం పోయింది అనుకున్నాం. తీరా చూస్తే సిమ్యులేషన్‌లో రిజల్ట్ బాగా వచ్చింది. బోర్డు చేయించి కొలిస్తే దాదాపు అదే వచ్చింది. ఇంకేముంది, క్లాసులో అందరిదీ ఒకటే మాట: “పేటెంట్ వేసేయండ్రా!”

మాకూ అదే అనిపించింది. ప్రపంచంలో ఎవరూ ‘గ’ యాంటెన్నా చేసి ఉండరు కదా, పేటెంట్ రాకుండా ఎక్కడికి పోతుంది? ఆ ధీమాతో మొదలైన పని మూడు నెలలు సాగింది. అప్లికేషన్ వేసే ముందు, పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్ ఏం చూస్తారో మేమే ఆ కుర్చీలో కూర్చుని చూద్దాం అనుకున్నాం. అక్కడ నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఈసీఈ కానివాళ్లకి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాను. ఎందుకంటే చివరికి ఇది యాంటెన్నా గొడవ కంటే మాటల గొడవే ఎక్కువని తేలింది.

ముందు యాంటెన్నా సంగతి

ప్యాచ్ యాంటెన్నా అంటే దోసెలా పల్చగా ఉండే యాంటెన్నా. కింద ఒక రాగి పొర, అది గ్రౌండ్. మధ్యలో కరెంటు పోనివ్వని పదార్థం. పైన ఒక చిన్న రాగి పలక, అదే ప్యాచ్. మామూలు సర్క్యూట్ బోర్డు మీదే చేసేయొచ్చు. పలక పొడవు ఆ పదార్థంలో తరంగదైర్ఘ్యానికి సుమారు సగం ఉండాలి. ఉదాహరణకి వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కి గాలిలో తరంగదైర్ఘ్యం 12.5 సెం.మీ. మన ల్యాబుల్లో దొరికే ఎఫ్ఆర్4 బోర్డు మీద అయితే పలక పొడవు సుమారు 29 మి.మీ. చాలు.

మేం ఎంచుకున్నది వైఫై కాదు, నావిక్. ఇస్రో ఉపగ్రహాలతో మనకి దారి చూపించే వ్యవస్థ అది. దాని ఎల్5 సిగ్నల్ 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. దానికి పలక సుమారు 6 సెం.మీ. అవుతుంది. నావిక్ ఎందుకంటే, 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లి పట్టుబడ్డారు. 2020 జనవరి దాకా అక్కడి జైల్లోనే ఉన్నారు. సముద్రం మీద హద్దురాళ్లుండవు. చిన్న బోటులో పెట్టుకునే రిసీవర్‌కి చవకైన యాంటెన్నా చేద్దామన్నది మా ఆలోచన.

ఇక్కడ ఒక చిక్కుంది. ఉపగ్రహం పంపే సిగ్నల్ తిరుగుతూ వస్తుంది. దాన్ని సర్క్యులర్ పోలరైజేషన్ అంటారు. నావిక్‌ది కుడివైపు తిరిగే రకం. మామూలు ప్యాచ్ ఒకే దిశలో ఊగే తరంగాన్ని పడుతుంది, అందుకని సగం శక్తి పోతుంది. పలకలో రెండు దిశల్లోనూ సమానంగా, ఒకదాని కంటే ఇంకొకటి 90 డిగ్రీలు వెనకగా ప్రకంపనలు పుట్టిస్తే తిరిగే తరంగాన్ని పట్టొచ్చు. అందుకు పలకలో ఎక్కడో ఒకచోట చిన్న వంకర పెట్టాలి, అంటే సౌష్ఠవం చెడగొట్టాలి. మా ‘గ’లో ఆ పని చేసింది తలకట్టు. తలకట్టు తీసేస్తే యాంటెన్నా మామూలుదైపోతుంది. తలకట్టు పెడితే తిరిగే తరంగాన్ని పడుతుంది. అద్దంలో బొమ్మలా తలకట్టుని తిరగేస్తే ఎడమవైపు తిరిగేదాన్ని పడుతుంది. ఇది చూసిన రోజు రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

క్లెయిమ్ అంటే చెక్కుబందీ

దసరా సెలవులకి మా ఊరు కోటబొమ్మాళి వెళ్లాను. మా మావయ్య దస్తావేజు రైటర్. మేం రాసుకున్న పేటెంట్ డ్రాఫ్ట్ లాప్‌టాప్‌లో చూపించాను. యాంటెన్నా గురించి ఇరవై పేజీలు రాశాం, గ్రాఫులు పెట్టాం. మావయ్య అవన్నీ గబగబా తిప్పేసి అడిగాడు:

“ఇదంతా సరేగానల్లుడూ, సెక్కుబందీ ఏదీ?”

చెక్కుబందీ అంటే పొలం దస్తావేజులో రాసే నాలుగు హద్దులు. తూర్పు ఫలానావారి పొలం, పడమర కాలవ, ఉత్తరం దారి, ఇలాగ. పొలంలో ఏం పండుతుంది, మట్టి ఎంత మంచిది అని దస్తావేజులో పది పేజీలు రాసినా, హద్దులు సరిగ్గా లేకపోతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

పేటెంట్‌లో చెక్కుబందీ పేరు క్లెయిమ్. స్పెసిఫికేషన్ చివర నంబర్లు వేసి రాసే వాక్యాలు అవి. ఒక్కో క్లెయిమ్ ఒకే వాక్యం. ఎంత పొడుగైనా సరే, ఫుల్‌స్టాప్ ఒక్కటే. మీకు వచ్చే హక్కు ఆ వాక్యం గీసిన గీత వరకే. ఎగ్జామినర్ మీ యాంటెన్నాని ముట్టుకోరు, ఆన్ చేసి చూడరు. స్పెసిఫికేషన్ చదువుతారు, కానీ తూచేది ఆ వాక్యాన్నే.

మా మొదటి వాక్యం ఇలా ఉంది: “ఒక గ్రౌండ్ పలక, దానిపై విద్యుత్ నిరోధక పొర, ఆ పొరపై స్లాట్ కలిగిన ఒక వాహక పలక గల యాంటెన్నా.” గొప్పగా అనిపించింది. ఎందుకంటే ఇది గ్రాంటైతే స్లాట్ ఉన్న ప్రతి ప్యాచూ మాదే!

మావయ్య రెండో ప్రశ్న అడిగాడు: “ఈసీ తీసినావా? ఈ జాగా ముందు ఎవలిదో సూసుకోకుండా రాసేస్తే ఎలాగ?”

ఈసీ తీస్తే ఏం తేలింది

పొలానికి ఈసీ ఎలాగో పేటెంట్‌కి ప్రయర్ ఆర్ట్ వెతకడం అలాగ. మీరు అప్లికేషన్ వేసిన తేదీకి ముందు ప్రపంచంలో ఎక్కడైనా, ఏ భాషలోనైనా అచ్చయినది, అందరికీ తెలిసినది, అందరూ వాడుతున్నది అంతా ప్రయర్ ఆర్టే. పేటెంట్లే కానక్కర్లేదు. జర్నల్ పేపరు, పీహెచ్‌డీ థీసిస్, టెక్స్ట్‌బుక్, యూట్యూబ్ వీడియో కూడా లెక్కలోకి వస్తాయి. ఆంధ్రా యూనివర్సిటీ జి.ఎస్.ఎన్. రాజు గారి యాంటెన్నా పుస్తకంలో ఉన్నా, బలానిస్ పుస్తకంలో ఉన్నా అది కొత్తది కాదు.

వెతకడం మొదలెట్టాక మా మొహాలు మాడిపోయాయి. ఈ పల్చటి యాంటెన్నా ఆలోచనని డెషాంప్స్ 1953లోనే చెప్పారు. 1970ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ మన్సన్ లాంటివాళ్లు దాన్ని నిజంగా పనికొచ్చేలా చేశారు. 1995లో హ్యూన్, లీ అనే ఇద్దరు పలకలో యూ ఆకారం స్లాట్ కోస్తే బ్యాండ్‌విడ్త్ పెరుగుతుందని ఎలక్ట్రానిక్స్ లెటర్స్‌లో అచ్చేశారు. అంటే మా మొదటి వాక్యం మొత్తం 1995 నాటికే వేరేవాళ్ల పొలం. దీన్ని నావెల్టీ లేకపోవడం అంటారు. ఒకే ఒక్క పాత డాక్యుమెంట్‌లో మీ క్లెయిమ్‌లోని అంశాలన్నీ ఉంటే కథ అక్కడితో అయిపోయినట్టే.

సరే అని వాక్యం మార్చాం: “సదరు స్లాట్ తెలుగు లిపిలోని ‘గ’ అక్షరం ఆకారంలో ఉండును.” ఇప్పుడు కొత్తదే. ఏ పేపర్లోనూ ‘గ’ దొరకలేదు. మళ్లీ మావయ్యకి ఫోన్ చేశాను.

“ఏ గ? మీ మాస్టారు రాసిన గా, నాను రాసిన గా? నాది వేరేగుంటాదిరా.”

నవ్వొచ్చింది కానీ, పేటెంట్ చట్టం సెక్షన్ 10(5) అడిగేది అదే. క్లెయిమ్ స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలి. ఒక్కో ఫాంట్‌లో ‘గ’ ఒక్కోలా ఉంటుంది. కాగితం చదివినవాడికి హద్దు ఎక్కడుందో తెలియకపోతే అది హద్దే కాదు. అందుకని అక్షరం పేరు తీసేసి జ్యామితిలో రాశాం: కిందికి తెరుచుకున్న ఒక వంపు స్లాట్, ఆ వంపు పైభాగం నుంచి లేచే రెండు అసమాన భుజాలు, వాటి మధ్య కోణం, పొడవుల నిష్పత్తి. అలా రాసి చూసుకున్నాక అసలు నిజం కనిపించింది. పలకని 180 డిగ్రీలు తిప్పి పెట్టి చూస్తే మా ‘గ’లో వంపు ఆ యూనే. మాకంటూ మిగిలింది తలకట్టు ఒక్కటే.

తలకట్టు ఎంతవరకు కొత్త?

పేటెంట్‌కి కొత్తగా ఉండటం ఒక్కటే చాలదు. సెక్షన్ 2(1)(జెఏ) ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలంటుంది. ఇప్పటికే తెలిసినదానితో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, రెండూ గానీ ఉండాలి. దానితోపాటు, ఆ రంగంలో పనితనం ఉన్న మనిషికి అది “ఆ, ఇంతేగా” అనిపించకూడదు.

ఆ మనిషి నిజంగా ఎక్కడా ఉండడు. చట్టం ఊహించుకున్న పాత్ర. మేధావి కాదు, అలాగని మొద్దూ కాదు. తన రంగంలో అచ్చయినదంతా అందుబాటులో ఉన్నవాడు. ఎగ్జామినర్ ఆ పాత్రలోకి వెళ్లి పాత డాక్యుమెంట్లని డీ1, డీ2 అని వరుసగా పెట్టుకుంటారు. డీ1లో లేనిది డీ2లో ఉంటే, ఆ రెంటినీ కలపాలని ఆ మనిషికి సహజంగా తోస్తుందా అని చూస్తారు.

మేం కూడా అలాగే పెట్టాం. డీ1: 1995 యూ స్లాట్. తలకట్టు అందులో లేదు. డీ2 కోసం వెతికితే 2007లో టాంగ్, వాంగ్ రాసిన పేపరు దొరికింది. యూ స్లాట్ రెండు భుజాలనీ ఎక్కువ తక్కువ చేస్తే సర్క్యులర్ పోలరైజేషన్ వస్తుందని అందులో ఉంది. అంటే యూ స్లాట్‌లో వంకర పెడితే తరంగం తిరుగుతుందన్న సంగతి మేం టెన్త్‌కి రాకముందే లోకానికి తెలుసు. వాళ్లు వంకరని భుజాల్లో పెట్టారు. మేం తలమీద పెట్టాం. ఫలితం అదే, కారణమూ అదే.

ఇలాంటి కేసు మీద మన సుప్రీంకోర్టు 1978లోనే తీర్పిచ్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య కేసు అది. లేత్ మిషన్ మీద పాత్రని కదలకుండా పట్టి ఉంచే పద్ధతికి 1951 నాటి పేటెంట్ ఒకటి ఉంది. కోర్టు దాన్ని చెల్లదంది. పాతదానికి చేసిన మెరుగు, పనివాడు తన వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే సర్దుబాటు స్థాయి దాటి ఉండాలంది. మన జిల్లాలో బుడితి కంచు, ఇత్తడి పాత్రలు చేసేవాళ్లని ఊహించుకోండి. చేతికి అనువుగా పనిముట్టుని ఒకరు కాస్త వంచుకుంటారు, ఇంకొకరు కాస్త సాగదీసుకుంటారు. అది పనితనమే, సందేహం లేదు. కానీ దాన్ని 20 ఏళ్లపాటు మిగతా అందరికీ మూసేసేంత కొత్త సంగతి కాదు.

ఆ తీర్పు గురించి చదివాక మా తలకట్టుని చూసుకుంటే నలుగురికీ ఒకటే అనిపించింది. మాది మంచి సర్దుబాటు. ఆవిష్కరణ మాత్రం కాదు.

ఏముంటే నిలబడేది?

ఇది అందరికీ పనికొచ్చే భాగం. తలకట్టు వల్ల ఎవరూ ఊహించని ఫలితం ఏదైనా వచ్చి ఉంటే కథ వేరేలా ఉండేది. ఉదాహరణకి ఉప్పుగాలికి బోర్డు తడిసినా ఫ్రీక్వెన్సీ జరగకపోవడం. లేకపోతే, ఒకే తలకట్టుతో నావిక్ ఎల్5, ఎస్ బ్యాండ్ రెండూ తిరిగే తరంగాలుగా పట్టడం. అలాంటిది కొలతలతో చూపించి, పాత డిజైన్‌ని కూడా అదే బోర్డు మీద చేసి పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఎస్11 గ్రాఫు మైనస్ 10 డీబీ కిందకి దిగిందని చూపిస్తే చాలదు. దానర్థం పంపిన శక్తిలో పదో వంతు లోపే వెనక్కి వస్తోందని మాత్రమే. మంచి ప్యాచ్ ఏదైనా ఆ పని చేస్తుంది.

ఇంకో రెండు గుంతలున్నాయి, చూసుకుని నడవండి. కొలతలు వెతకడానికి జెనెటిక్ ఆల్గారిథమ్ వాడాం, దానికే పేటెంట్ కావాలంటే సెక్షన్ 3(కె) అడ్డొస్తుంది. ఉత్త ఆల్గారిథమ్‌కి, గణిత పద్ధతికి మన దగ్గర పేటెంట్ లేదు. తెలిసిన పరికరాలు రెండు మూడు పక్కన పెట్టి, దేని పని అది చేసుకుంటూ ఉంటే సెక్షన్ 3(ఎఫ్) అడ్డొస్తుంది. ఇక ఆకారం అందంగా ఉందంటారా, దానికి 2000 నాటి డిజైన్స్ చట్టం వేరే ఉంది. అది కంటికి కనిపించే రూపానికే గానీ పనికి కాదు.

‘పబ్లిష్డ్’ అంటే వచ్చినట్టు కాదు

మనవాళ్లలో చాలామందికి ఉన్న అపోహ ఇది. పూర్తి వరస ఇలా ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ వాళ్లం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందకి వస్తాం. ఆన్‌లైన్‌లో వేస్తే విద్యార్థికి, అంటే మామూలు వ్యక్తికి, అప్లికేషన్ ఫీజు 1600 రూపాయలు. 2021 నుంచి విద్యాసంస్థలకి కూడా అదే తగ్గింపు ఫీజు. ఐడియా పూర్తిగా తేలకపోతే ముందు ప్రొవిజనల్ వేసి, 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. 18 నెలలకి అప్లికేషన్ పేటెంట్ జర్నల్‌లో అచ్చవుతుంది. తొందరుంటే ఫారం 9తో 2500 కట్టి ముందే అచ్చు వేయించుకోవచ్చు. ఇక్కడివరకు మీ యాంటెన్నాలో కొత్తదనం ఉందా లేదా అని ఎవరూ చూడలేదు!

పరీక్ష కావాలంటే విడిగా అడగాలి. అదే ఫారం 18, ఫీజు 4000. 2024 మార్చిలో మారిన నిబంధనల ప్రకారం 31 నెలల్లోపు అడగాలి. అడగకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే. అడిగాక మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు వస్తుంది, ముద్దుగా ఎఫ్ఈఆర్. డీ1, డీ2లతో సహా అభ్యంతరాలన్నీ అందులో ఉంటాయి. ఆరు నెలల్లో జవాబివ్వాలి, ఇంకో మూడు నెలలు గడువు అడగొచ్చు. క్లెయిమ్ కుదించుకోవచ్చు, వాదించొచ్చు. అవసరమైతే హియరింగ్ ఉంటుంది. ఆ తర్వాత కంట్రోలర్ గ్రాంట్ చేస్తారు లేదా తిరస్కరిస్తారు. గ్రాంటైతే అప్లికేషన్ వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు, రెన్యువల్ ఫీజులు కడుతూ ఉంటేనే.

కాబట్టి రెజ్యూమెలో “పేటెంట్ పబ్లిష్డ్” అని రాసుకుంటే దానర్థం “నేను అప్లికేషన్ పెట్టాను” అని మాత్రమే. డబ్బులు కడితే ఇన్వెంటర్ల లిస్టులో పేరు పెడతామనే మెసేజ్‌లు మన ఫోన్లకీ వస్తుంటాయి. ఆలోచనలో భాగం లేనివాడు ఇన్వెంటర్ కాడు. ఇంటర్వ్యూలో “మీ ఒకటో క్లెయిమ్ చెప్పండి” అని అడిగితే నీళ్లు నమలాల్సింది మనమే.

ఇంకొక్క మాట. పేటెంట్ వేద్దామనుకుంటే ముందు ఫెస్ట్‌లో పోస్టర్ పెట్టకండి, వీడియో పెట్టకండి. మీ సొంత పోస్టరే మీకు డీ1 అవుతుంది. సెక్షన్ 31లో కొన్ని ప్రత్యేక సందర్భాలకి 12 నెలల వెసులుబాటుంది గానీ, కాలేజీ ఫెస్ట్‌కి అది వర్తిస్తుందన్న నమ్మకంతో ఉండొద్దు. ముందు అప్లికేషన్, తర్వాతే చప్పట్లు.

చివరికి ఏం చేశాం

మేం వేయలేదు. ఒకడికి చాలా బాధేసింది. “వేసి చూద్దాం, 1600లేగా పోయేది” అన్నాడు. రెండు రోజులు మాట్లాడుకున్నాం. కొలతలన్నీ మిల్లీమీటర్లతో సహా వాక్యంలో కుక్కి క్లెయిమ్ ఇరుకు చేస్తే ఏదో ఒకటి గ్రాంటవ్వొచ్చు అనే వాదన కూడా వచ్చింది. కానీ పక్కవాడు ఒక భుజం రెండు మిల్లీమీటర్లు మార్చుకుని హాయిగా చేసుకుంటాడు. దారి లేని గట్టు మీద గజం జాగా కొన్నట్టు ఉంటుంది.

అందుకని, గైడ్ గారి అనుమతితో ఇక్కడ పూర్తిగా చెప్పేస్తున్నాం. 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 బోర్డు మీద సుమారు 60 మి.మీ. చతురస్రపు పలక. మధ్యలో కిందికి తెరుచుకున్న వంపు స్లాట్. వంపు పైన కుడివైపు భుజం పొడవుగా, ఎడమవైపు భుజం పొట్టిగా తలకట్టు. తిరిగే దిశ మార్చాలంటే భుజాలు తారుమారు చేయాలి. ఇది అచ్చయ్యాక, రేపు ఎవరైనా ఇదే డిజైన్‌కి పేటెంట్ అడిగితే ఎగ్జామినర్ ఈ సంచికనే డీ1గా పెట్టొచ్చు. బోటు యాంటెన్నా చేసుకునేవాళ్లని మా తలకట్టు పేరు చెప్పి ఎవరూ ఆపలేరు. మాకది చాలనిపించింది.

సిమ్యులేషన్ ఫైల్, కొలిచిన రీడింగులు, చేసిన రెండు బోర్డులు ల్యాబ్‌లో ఇచ్చేశాం. జూనియర్లు ఎవరైనా ఉప్పుగాలి పరీక్ష చేస్తామంటే బోర్డులు తీసుకెళ్లండి. అక్కడ ఏదైనా కొత్తది కనిపిస్తే మాత్రం, ముందు ఈసీ తీయండి. తర్వాత చెక్కుబందీ రాయండి. ఈ మ్యాగజైన్‌కి వ్యాసం ఆ తర్వాతే పంపండి.